మేస్త్రికి బాప్తిస్మం

పోయిన నెల మా వీధిలో ఒక పెద్దాయన చనిపోయాడు. పెట్టెను ఇంకా గోతిలోకి దించనే లేదు, ఆయన ఎక్కడికి పోయుంటాడని ఇద్దరు కుర్ర పాస్టర్లు వాదన మొదలుపెట్టారు. బతికున్నన్నాళ్లూ గుడి మొహం చూడలేదని ఒకరు, ఆఖరి వారంలో ఆసుపత్రి మంచం మీద ప్రార్థన చేయించుకున్నాడని ఇంకొకరు. ఆయన భార్య వాళ్ల మధ్యే కుర్చీలో కూర్చుని ఒకసారి ఈయన మొహమూ ఒకసారి ఆయన మొహమూ చూస్తోంది. నేను అక్కడ నిలబడలేక ఇంటికి వచ్చేశాను. మా కోడలు కాఫీ ఇచ్చి ఏమైంది అత్తయ్యా అని అడిగితే ఎండ అన్నాను. ఎండ కాదు. నా పదో ఏట నేను చేసిన పని ఒకటుంది. దాన్ని నా భర్తకు కూడా చెప్పలేదు.

మా పాలెం గురజాలకూ మాచర్లకూ మధ్య నాపరాళ్ల గనుల పక్కన ఉండేది. ఇళ్ల గోడలు నాపరాళ్లే, పైకప్పులు నాపరాళ్లే. నీళ్ల తొట్లూ, వాకిలి అరుగులూ, చివరికి మా సమాధుల మీద పరిచేవీ అవే. ఎండాకాలం వచ్చిందంటే మధ్యాహ్నం పూట గడప దాటి కాలు పెట్టలేం. మా నాయన మిషన్ బడికి పంతులు. ఆదివారం ఆ బడే గుడి, ఆయనే ఉపదేశి. గంట లేక రైలు పట్టా ముక్క ఒకటి వేలాడదీసి ఇనప కడ్డీతో కొట్టేవాళ్లు. యుద్ధం నడుస్తున్న రోజులు, కిరసనాయిలు దొరికేది కాదు. అందుకని ప్రార్థనలైనా పంచాయితీలైనా అన్నీ పగటిపూటే. ఇప్పటికీ గుడి అన్న మాట వింటే నాకు ముందు తగిలేది ఆముదం రాసుకున్న తలల వాసన, రాయి కొట్టొచ్చిన మగవాళ్ల ఒంటి మీది దుమ్ము వాసన, ఆడవాళ్ల కొంగుల్లో కట్టుకున్న కొత్త చింతపండు వాసన.

నాయన మంచి మనిషి. చీమను కూడా చూసి అడుగేసేవాడు. కానీ నరకం గురించి చెప్పడం మొదలుపెడితే వినేవాళ్లకు చెమటలు పట్టేవి. ధనవంతుడి కథ ఆయన చెప్పాలి, మేం వినాలి. బతికుండగా వాకిట్లో పడి ఉన్న బీదవాణ్ణి పట్టించుకోని ధనవంతుడు, చచ్చాక మంటల్లో నిలబడి, పైనున్న ఆ బీదవాణ్ణి వేలి కొన తడుపుకొచ్చి నాలిక మీద పెట్టమని బతిమాలతాడు. పెట్టరు. మధ్యలో పెద్ద అగాధం ఉంటుంది, ఇటువాళ్లు అటు పోలేరు, అటువాళ్లు ఇటు రాలేరు. నాయన ఆ మాట అని కాసేపు ఊరుకునేవాడు. ఆ నిశ్శబ్దంలో బయట కోళ్లు అరవడం కూడా భయంగా వినపడేది.

మేం పిల్లలం దాన్ని ఆట చేసుకున్నాం. ఒకరు ధనవంతుడు. మిట్టమధ్యాహ్నం ఎండలో కాలిన నాపరాయి మీద వట్టి కాళ్లతో నిలబడి వంద లెక్కపెట్టేదాకా నీళ్లు అడుక్కోవాలి. మిగతావాళ్లం తాటాకు దొన్నెల్లో నీళ్లు పెట్టుకుని చుట్టూ నిలబడి ఇయ్యం ఇయ్యం అని పాడేవాళ్లం. ఎప్పుడూ బలహీనమైన పిల్లలే ధనవంతులయ్యేవాళ్లు. నేను పంతులు కూతుర్ని కాబట్టి నాకెప్పుడూ దొన్నే. ఆ ఆట చూసి నవ్వి, మాకు జొన్నపేలాలు పెట్టే మనిషి పాలెంలో ఒక్కతే ఉండేది. ఆమె మా పెద్దమ్మ.

సొంత పెద్దమ్మ కాదు. నాయనకు వదిన వరస. గోంగూర నూరితే ఆమే నూరాలి, జొన్నరొట్టె తడితే ఆమే తట్టాలి. గొంతు పెద్దది, చెయ్యి పెద్దది. ఆమె మొగుడు, మా పెద్దనాయన, నేను నెలల పిల్లగా ఉన్నప్పుడే గనిలో పోయాడు. ఆ సంగతి పాలెంలో అందరూ అదే మాటలతో చెప్పేవాళ్లు కాబట్టి నేను చూసినట్టే ఉంటుంది. పొద్దున్నే రాతిపలక జారి ఆయన రెండు కాళ్ల మీదా పడింది. తోటి మనుషులు పలక తీసి, ఆయన్ని మోసుకుపోదామని వంగితే గని మేస్త్రి, ఊరి మనిషి, ఒప్పుకోలేదు. స్టేషన్లో వ్యాగన్ ఎదురుచూస్తోంది, బండ్లు నిండేదాకా ఎవడూ కదలడానికి లేదన్నాడు. ఆయన్ని పక్కన ఎండలో పడేశారు. పెద్దమ్మ నిండుచూలాలు. కబురు విని నీళ్లకడవ ఎత్తుకుని పరుగెత్తింది. పని చెడగొట్టడానికి వచ్చావా అని మేస్త్రి ఆ కడవను కాలితో తన్నాడు. నీళ్లు రాళ్ల మీద పడి చూస్తుండగానే ఆరిపోయాయి. మళ్లీ నీళ్ల కోసం ఊరి బావి దగ్గరికి పోతే, మాకు ఎవరైనా చేది పోస్తేనే కదా, ఆలస్యమైంది. ఆమె తిరిగొచ్చేసరికి పొద్దు వాలింది, ఆయన లేడు. ఆ నెలలోనే బిడ్డ పుట్టి, పోయింది. మునసబు వచ్చి రాయిని చూసి వెళ్లాడు. అంతకుమించి ఏమీ జరగలేదు.

నాయన ఓదార్చడానికి వెళ్లి, ఏ మాటా ఆమెకు ఎక్కకపోతే, చివరికి నరకం సంగతి చెప్పాడట. పెద్దమ్మ అప్పుడు తలెత్తింది.

"మేస్త్రి కూడానా పంతులా?"

"మారుమనసు లేకపోతే ఎవరైనా అంతే వదినా."

"వాడు మారేదీ లేదు, పాడూ లేదు. నాకు బాప్తిస్మం ఇయ్యి."

అట్లా ఆమె సంఘంలో చేరింది. ప్రతి ఆదివారం ముందు వరసలో కూర్చుని ధనవంతుడి కథ చెప్పమని అడిగేది. కథ అయిపోయాక, "నాలిక తడుపుకునేంతయినా ఇయ్యరుగా?" అనేది. ఇయ్యరు అనేవాడు నాయన. "అడగంగ అడగంగయినా?" ఇయ్యరు వదినా. ఆమె కొంగు సర్దుకుని స్థిమితంగా కూర్చునేది.

ఒక్క సంగతి మాత్రం నాయన ఆమె ముందు ఎత్తేవాడు కాదు. బడిలో మేం వల్లెవేసే ప్రశ్నోత్తరాల పుస్తకంలో, బాప్తిస్మం లేకుండా చనిపోయిన వారి గతి ఏమి అని ఒక ప్రశ్న ఉంది. జవాబు నిత్యాగ్ని. పెద్దనాయనకు బాప్తిస్మం లేదు. మిషన్ దొర వచ్చినప్పుడు తీసుకుందాంలే, ఈ ఏడు జాతరకు డప్పు కొట్టాలి అని వాయిదాలు వేసేవాడట. పెద్దమ్మ గుడిలో ఉన్న రోజున నాయన ఆ ప్రశ్న వదిలేసి తర్వాతి దానికి పోయేవాడు. అది నేను కనిపెట్టాను. పిల్లలు అలాంటివి బాగా కనిపెడతారు.

నా పదో ఏటి ఎండాకాలంలో నరసరావుపేట వైపు నుంచి ఒక పుస్తకాలాయన వచ్చాడు, వేరే మిషన్ మనిషి. రేకుపెట్టె నిండా చిన్న చిన్న మత పుస్తకాలు, చేతిలో గొడుగు. మాంసం తినడు, టీ తాగడు. మా ఇంట్లోనే దిగాడు. మా అమ్మ ఎండుచేపలు పులుసు పెడితే వాసనకే లేచి అరుగు మీదకు పోయాడు. పెద్దమ్మ జాలిపడి జొన్నరొట్టెలూ గోంగూర పచ్చడి జాడీ పంపించింది. నాలుగు రోజులు అవే తిన్నాడు. ఆదివారం గుడి అయ్యాక బడి పంచలో నాయనకూ ఆయనకూ వాదన జరిగింది. పాలెం అంతా చుట్టూ కూర్చుంది.

చచ్చినవాళ్లకు ఏమీ తెలియదని, తీర్పు రోజు దాకా నిద్రలో ఉంటారని పుస్తకాలాయన మాట. ఆ రోజున చెడ్డవాళ్లు కాలి బూడిదవుతారు, దానితో సరి. కాలుస్తూనే కూర్చునే దేవుడు లేడు.

"శిక్ష నిత్యం అని ఉంది, జీవం నిత్యం అని ఉంది," అన్నాడు నాయన. "రెండు చోట్లా ఒకటే మాట. దీన్ని తగ్గిస్తే అదీ తగ్గిద్ది. నీకు మోక్షం కూడా నాలుగు రోజులే చాలా?"

"ఫలితం నిత్యం పంతులుగారూ, కాలటం కాదు. కాలిపోయిన గడ్డి మళ్లీ పచ్చబడదు కదా. అది నిత్యమే కదా."

అంతలో పెద్దమ్మ లేచి నిలబడింది.

"అయ్యా, నాకు చదువు లేదు. ఒక్క మాట చెప్పు. ఎంతసేపు కాలతాడు?"

"ఎవరమ్మా?"

"ఎవడైతే నీకెందుకు. ఎంతసేపు?"

"వాడి పాపం కొద్దీ. ఒక గడియో, ఒక రోజో."

"నా మొగుడు ఏ పాపం చెయ్యకుండా ఒక రోజంతా ఎండలో పడి కాలాడు. వాడికీ ఒక రోజేనా? ఇద్దరికీ ఒకటే లెక్కా?"

పుస్తకాలాయన గొంతు తగ్గించాడు. "దేవుడు మేస్త్రి కాదమ్మా."

"మేస్త్రి మీద మేస్త్రి కాకపోతే నాకెందుకయ్యా ఆయన?"

ఎవరూ నవ్వలేదు. ఆయన ఇంకా ఏదో మంచిగా చెప్పబోయాడు. మీ ఆయన ఇప్పుడు హాయిగా నిద్రలో ఉన్నాడమ్మా, ఆయనకు ఏ బాధా లేదు అన్నాడు. పెద్దమ్మ వినలేదు. నేరుగా మా ఇంట్లోకి పోయి తన పచ్చడి జాడీ తీసుకుని వెళ్లిపోయింది. నాయన మాత్రం ఆ మాట విని తల దించుకున్నాడు. మర్నాడు పొద్దున పుస్తకాలాయన పెట్టె చేత పట్టుకుని, గొడుగు వేసుకుని స్టేషన్ దారి పడితే, పిల్లలం వెంటపడి గొడుగు మీద రాళ్లు వేశాం. నేను వేసిన రాయి ఆయన చెవికి తగిలింది. ఆయన వెనక్కి తిరిగి నన్నే చూసి, మళ్లీ నడక సాగించాడు.

ఆ తర్వాత కొన్నాళ్లకు మేస్త్రి కబురు పంపాడు. చుట్టలు తాగీ తాగీ నోట్లో రాచపుండు పుట్టి, ఒక చెంప తినేసింది. కొడుకులు ఆయన్ని గొడ్లపాకలో మంచం వేసి పడుకోబెట్టారు. వాసనకు కోడళ్లు గంజి గడప దగ్గర పెట్టి పోయేవాళ్లు. నాయన సంచీ, ఇత్తడి గిన్నె మోయడానికి నన్ను వెంటబెట్టుకుని వెళ్లాడు. పాకలో వేపాకు పొగ వేశారు. ఆ పొగ కిందనుంచి ఇంకొక వాసన. నేను కొంగు లేని పిల్లను, సంచీలోని ప్రార్థన పుస్తకం ముక్కుకు అడ్డం పెట్టుకున్నాను.

"పంతులూ," అన్నాడు మేస్త్రి. మాట ముద్దగా వస్తోంది. "మీ గుడి పక్కనించి పోతా పోతా ఇన్నా. అది నిజమేనా?"

"ఏది?"

"నీళ్లియ్యరన్నది."

నిజమే అన్నాడు నాయన.

మేస్త్రి ఏడ్చాడు. అంత పెద్ద మనిషి, గనిలో కేకేస్తే ఎద్దులు బెదిరే మనిషి. "నా కొడుకులు చేనికి పోయారు. వాళ్లొచ్చేలోపల నాకు బాప్తిస్మం ఇయ్యి."

చేసిన పాపాలు ఒప్పుకోమన్నాడు నాయన. మేస్త్రి ఏవేవో చెప్పాడు, చివర్న కడవ సంగతి చెప్పాడు. "నీళ్లు పారబోసినప్పుడు వాడు నా మొహంకేసి చూశాడు పంతులూ. తిట్టలా. ఊరికే చూశాడు." నాయన గిన్నె అందుకున్నాడు. తొణికి సగం నీళ్లు గడ్డిలో పడ్డాయి. మిగిలిన సగంతో బాప్తిస్మం ఇచ్చాడు. తిరిగి వస్తూ దారిలో, "పెద్దమ్మకు చెప్పమాకు. నేను మెల్లిగా చెప్తా," అన్నాడు. సరేనన్నాను.

చెప్పకుండానే ఉందును. కానీ ఆ వారమే నేను పెద్దమ్మ కుండలోంచి చింతపండు ఉండ దొంగిలిస్తూ పట్టుబడ్డాను. ఉప్పూ కారం బెల్లం వేసి దంచిన ఉండలు, నోట్లో పెట్టుకుంటే చెవుల దాకా పులుపు. ఆమె నన్ను జుట్టు పట్టుకుని బయటికి లాగి, పాలెం పిల్లలందరి ముందూ దొంగ అని పిలిచి, అమ్మతో చెప్పి కొట్టించింది. మూడో రోజున నేను వాళ్ల ఇంటి ముందు నుంచి పోతుంటే ఆమె మిరపకాయలు దంచుతూ, "ఏమే, ఇయ్యాల ఎవరి కుండ మీద పడబోతన్నావే?" అంది. పక్కనున్న ఆడవాళ్లు నవ్వారు.

"మేస్త్రికి మా నాయన బాప్తిస్మం ఇచ్చాడు," అన్నాను. "మేస్త్రి మోక్షానికి పోతాడు."

రోకలి ఆగింది.

"పెద్దనాయనే పోలేదు. ఆయన మంటల్లో ఉన్నాడు. ప్రశ్నోత్తరాల్లో ఉంది." అని, చేతులు కట్టుకుని, బడిలో అప్పజెప్పే రాగంలోనే ప్రశ్నా జవాబూ రెండూ చదివాను.

తెలియక అన్న మాట కాదది. ఆమె మొహం ఎట్లా అవుతుందో చూడాలని అన్నాను. చూశాను.

ఆమె ఆ చేతులతోనే లేచి బడికి పోయింది. నేనూ వెనకే పోయాను. నాయన నల్లబల్ల మీద లెక్క వేస్తున్నాడు.

"పంతులా, నా మొగుడు యాడున్నాడు?"

నాయన నన్ను చూశాడు. నేను నేలచూపులు చూశాను.

"దేవుడి న్యాయం మనకు తెలిసేది కాదు వదినా..."

"పిల్ల చెప్పింది నిజమా, కాదా?"

"వాక్యం అట్టాగే ఉంది."

"నీళ్లడిగితే?"

నాయన కళ్లలో నీళ్లు తిరిగాయి. పెద్దమ్మ గొంతు పెంచలేదు. "ఏడవమాకు. మేస్త్రి గురించైతే గట్టిగా చెప్పావుగా. ఇప్పుడూ గట్టిగా చెప్పు. నా మొగుడు నీళ్లడిగితే ఇస్తారా, ఇయ్యరా?"

"ఇయ్యరు," అన్నాడు నాయన.

ఆమె మిరప్పొడి చేతులతో కళ్లు తుడుచుకుంది. మంట తెలిసినట్టు లేదు.

మర్నాడు ఆమె కడవ చంకనేసుకుని మేస్త్రి ఇంటికి పోతుంటే, చంపడానికే పోతోందని పాలెం అనుకుంది. మేస్త్రి కొడుకులు ఆపలేదు. ఆ పాకలోకి పోయే మనిషి ఎవరైనా వాళ్లకు మేలే. నోరు కుళ్లినవాడికి ఇంకా అంటూ ముట్టూ ఏంది అన్నాడు పెద్ద కొడుకు. నేను పాక వెనక తడిక సందులోంచి చూశాను. ఆమె గుడ్డపేలిక తడిపి అతని నోట్లో పిండింది.

"ఎవరూ?" అన్నాడు.

"నువ్వు తన్నిన కడవ నాదే."

అతను గోడవైపు తిరగబోయాడు. ఆమె గడ్డం పట్టుకుని ఇటు తిప్పింది.

"భయపడమాకు. నీతో పనుంది. నువ్వు పైకి పోతన్నావంట. పోయినాక నా మొగుడికి నీళ్లు పొయ్యి. ఆపింది నువ్వు. నువ్వే పొయ్యాలి."

"పోస్తా."

"ఒట్టెయ్యి."

కొడుకుల మీద ఒట్టేశాడు.

పంతొమ్మిది రోజులు ఆమె అక్కడికి పోయింది. పుండు కడిగింది, పురుగులు తీసింది, నీళ్లు పట్టింది. జాలితో చేసిన పని కాదు. కునుకుతుంటే భుజం పట్టి కుదిపేది. "ఏం చెప్పా నీకు?" నీళ్లు పొయ్యమన్నావు. "ఎవరికి?" నీ మొగుడికి. "పేరు?" అతను పేరు చెప్పాలి. తడబడితే గుడ్డ నోటి దాకా తెచ్చి ఆపేది. పేరు సరిగ్గా వచ్చేదాకా ఒక్క చుక్క పిండేది కాదు. ఎండిన నాలికతో అతను ఆ పేరు వెతుక్కోవడం నేను చూశాను. చివరి రోజుల్లో అతనికి తన కొడుకుల పేర్లు గుర్తు లేవు, ఆ పేరొక్కటే గుర్తుంది.

మధ్యలో అగాధం ఉందని, పైవాళ్లు కిందికి రాలేరని ఆమె వందసార్లు విన్నదే. ఎవరైనా గుర్తు చేస్తే చాలు, ఆ ఒట్టు వట్టిదయ్యేది. నాయన గుర్తు చెయ్యలేదు. నాకూ నోటి చివర దాకా వచ్చింది. ఆ ఒక్కటి మింగేశాను.

మేస్త్రి పోయాడు. బాప్తిస్మం సంగతి కొడుకులకు తెలిసే ఉంటుంది, తెలియనట్టే ఉన్నారు. స్నానం చేయించి, విభూతి పెట్టి, మా పాలెం వాళ్ల చేతే డప్పులు కొట్టించుకుంటూ వాగు ఒడ్డుకు తీసుకుపోయారు. పెద్దమ్మ నాయన్ను లాక్కుని గట్టు దాకా వచ్చింది. చితి అంటుకోగానే ఆమె నాయన చెయ్యి గుంజింది.

"పంతులా, తగలబెడతన్నారు. బాప్తిస్మం చెడిపోద్దా?"

"చెడదు వదినా."

"మంట తగిలినా?"

"తగిలినా చెడదు."

"పైకే పోయాడుగా? నిజంగా చెప్పు."

"పోయాడు," అన్నాడు నాయన.

ఆమె చేతులు జోడించి, ఆ మేస్త్రిని లోపలికి రానియ్యమని దేవుణ్ణి గట్టిగా బతిమాలుకోవడం మొదలుపెట్టింది. చితి కూలిపోయేదాకా అక్కడినుంచి కదల్లేదు. ఎండకు తల మాడుతున్నా నాయన కూడా ఆమె పక్కనే నిలబడ్డాడు.

ఆ తర్వాత నాయన ఎప్పుడూ నరకం గురించి చెప్పలేదు. పుస్తకాలాయన చెప్పినట్టూ చెప్పలేదు. ఏడాది తిరక్కుండానే మిషన్ వాళ్లు ఆయన్ని వేరే ఊరు మార్చారు. పెద్దమ్మకు ఎవరు చెప్పారో ఆయనకు తెలుసు. చనిపోయేదాకా నన్ను ఒక్క మాట అడగలేదు. అడిగి ఒక దెబ్బ వేసి ఉంటే బాగుండేది.

నేను పెద్దయి మిషన్ బడిలోనే పంతులమ్మనయ్యాను. చాలా ఏళ్లకు ఒక శనివారం మాచర్ల సంతలో పెద్దమ్మ కనపడింది. కళ్లు పోయాయి. మనవరాలి వరస పిల్ల ఒకతె చెయ్యి పట్టుకుని నడిపిస్తోంది. నేను పలకరిస్తే గొంతు గుర్తుపట్టింది.

"పంతులు కూతురివా? పెళ్లయిందా? ఏం చేస్తన్నావు?"

బడిలో చెప్తున్నానన్నాను.

ఆమె దగ్గరికి జరిగి అడిగింది. "ఆ ప్రశ్న చెప్తన్నావా పిల్లలకి? బాప్తిస్మం లేనోళ్లది?"

"లేదు పెద్దమ్మా," అన్నాను. "అది తీసేశాం."

ఆ పొద్దున్నే దాన్ని మూడో తరగతి పిల్లలందరిచేతా ఒకరి తర్వాత ఒకరిచేత అప్పజెప్పించుకుని బస్సెక్కాను. ఒక పిల్ల తప్పు చెబితే గోడకుర్చీ వేయించి వచ్చాను.

"చానా మంచి పని చేశావమ్మా," అంది పెద్దమ్మ. గాల్లో తడుముకుని నా తల పట్టుకుని, రెండు చేతులతో నిమిరింది. సంత జనం మమ్మల్ని తోసుకుంటూ పోతున్నారు. ఆమె నిమురుతున్నంతసేపూ నేను వంగి నిమిరించుకున్నాను.